అబద్ధమాడింది పిల్ల కాదు

శంషాబాద్,
9-12-2012, ఆదివారం.

రేఖకు,

రాఘవేందర్ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ అనుపమా ఒంట్లో ఏ రోగమూ లేకుండా ఉన్నాం. ఈ మాట ముందే రాయడానికి కారణం ఉంది. కింద రాసేది చదువుతున్నప్పుడు నీకు భయం వేస్తే, ఆపి మళ్ళీ పైకి వచ్చి ఈ వాక్యం చదువుకో. పొద్దున మాత్రలు మింగాక వాంతులు తగ్గాయని, రెండు ముద్దలు ఎక్కువ తింటున్నావని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. అట్లాగే తిను.

ఫోన్లో చెప్పొచ్చు. కానీ వార్డులో మాట్లాడితే పక్క మంచాలవాళ్ళు వింటారని నువ్వే అన్నావు. పైగా నీకు కంగారు పుడితే దగ్గు ఆగదు. ఉత్తరమైతే ఆగి ఆగి చదువుకోవచ్చు.

నువ్వు అడిగినవాటికి జవాబులు చెప్తాను. నా పని అదే, ఎయిర్‌పోర్టులో జనం వదిలేసిన ట్రాలీలు ఏరి వరసపెట్టి లోపలికి తోయడం. రెండు నెలలుగా పొద్దుటి షిఫ్టు, ఐదింటికే బస్సెక్కాలి. మహేశ్వరంలో మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు, వచ్చి ఉండలేనంది. అందుకని వంట అనుపమే చేస్తోంది. దాని జడలు ఎవరు వేస్తున్నారని అడిగావు. ఎవరూ వేయడం లేదు. వెనక పాయ కుదరక రోజూ ఏడ్చేది. దసరా ముందర ఒకరోజు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి కత్తెరతో మెడదాకా కత్తిరించుకుని కూర్చుంది. నీకు చెప్పలేదు. ఇప్పుడు కాస్త పెరిగింది.

మార్కులు అడిగావు. లెక్కల్లో తొమ్మిది, సైన్సులో పదకొండు. తెలుగులో మాత్రం పాసైంది. మొదటినుంచీ అది చదువులో వెనకే, నీకు తెలియంది కాదు. ఊరి బడి మాన్పించి ఈ ఇంగ్లీషు మీడియంలో వేశాక ఇంకా వెనకపడింది. అయినా నువ్వున్నన్ని రోజులు ఎట్లాగో నెట్టుకొచ్చింది. నువ్వు రొట్టెలు చేస్తూ “నాకు తెల్వదు బిడ్డా, జర సమజ్ చెయ్యి” అంటే పీట లాక్కుని నీకు టీచరైపోయేది. ఇంటికొచ్చి నీకు చెప్పాలి కాబట్టి బళ్ళో వినేది. నువ్వు ఊరికే పొద్దుపోక అడుగుతున్నావనుకునేవాణ్ణి. నువ్వు వెళ్ళాక గాని ఆ సంగతి నాకు అర్థం కాలేదు. చెప్పడానికి మనిషి లేకపోయేసరికి అది వినడం కూడా మానేసింది.

పొద్దున నాలుగున్నరకు లేచి నాతోపాటే పనిలో పడుతుంది. అన్నం, కూర, బోళ్ళు, నీళ్ళు. బడికి ఆలస్యమైతే మొదటి పీరియడంతా గది బయట నిలబెట్టేవాళ్ళట. మొదటి పీరియడు లెక్కలు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నవంబరు ఇరవై ఏడు, మంగళవారం. పదిన్నరకు బడి నుంచి ఫోన్ వచ్చింది. “మీ అనుపమ ఈ రోజు రాలేదు, ఒంట్లో బాగాలేదా?” అని. మాట్లాడింది స్వరాజ్యం టీచర్, తెలుగు చెప్పే ఆమె. నేను పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు పిల్ల బాక్సు కట్టుకుంటోంది. ట్రాలీల వరస అక్కడే వదిలేశాను. నాతో పనిచేసే హరిప్రసాద్‌కు బండి ఉంది. “ఎక్కన్నా, ఇంటికి పోయి చూద్దాం” అన్నాడు.

ఇంటికి తాళం వేసి ఉంది. తాళంచెవి తలుపు పక్కన ఎప్పుడూ పెట్టే గూట్లోనే ఉంది. తలుపు తీస్తే పుస్తకాల సంచి గోడకు తగిలించి ఉంది. పుస్తకాలు ఇంట్లో పెట్టి, తాళంచెవి నాకోసం జాగ్రత్తగా గూట్లో పెట్టి పోయిన పిల్ల ఎక్కడికి పోయి ఉంటుంది? పేపర్లో చదివినవన్నీ గుర్తొచ్చాయి. ఫెయిలైన పిల్లలు, బావులు, పురుగులమందు. ఇంటి ఓనరు రుక్మిణమ్మ మెట్ల మీద నుంచి తొంగిచూసి “ఏమైందయ్యా, ఇయ్యాల డ్యూటీ లేదా?” అంది. ఆ క్షణంలో కూడా “ఏం లేదమ్మా” అన్నాను. చూడు, అప్పుడు కూడా.

బస్టాండు చూశాం. కూరగాయల మార్కెట్ చూశాం. రైలు పట్టాల వెంబడి కూడా వెళ్ళాం. అక్కడ నేను పట్టాల వైపు కళ్ళెత్తలేక హరిప్రసాద్ భుజానికి ముఖం ఆనించి “నువ్వే చూడు” అన్నాను. అతను చూసి “ఏం లేదన్నా, ఏం లేదు” అంటూనే ఉన్నాడు. చివరికి బడికి పోతే స్వరాజ్యం టీచర్ సరితను బయటికి పిలిచింది. ఐదో తరగతి నుంచి అనుపమ పక్కన కూర్చున్న పిల్ల. ముందు ఏం తెలియదంది. టీచర్ దగ్గరికి తీసుకుని అడిగితే ఏడుస్తూ చెప్పింది.

“నిన్న అడిగింది టీచర్, వికారాబాద్‌కు ఏ రోడ్డున పోవాల్నని. నాకు తెల్వదన్న. హిమాయత్ సాగర్ మీదికెళ్ళి పోతరట గదా అన్నది.”

వికారాబాద్. నీ దగ్గరికి. అరవై కిలోమీటర్లకు పైన. చేతిలో బస్సు చార్జీలు కూడా లేవు.

రింగు రోడ్డు పక్కనున్న సర్వీసు రోడ్డంతా లారీలే. ప్రతి లారీ కిందా చూసుకుంటూ పోయాను. హిమాయత్ సాగర్ కట్ట దగ్గరికి వచ్చేసరికి నీళ్ళ అంచున పదిహేను మంది గుమిగూడి ఉన్నారు. అందరూ నీళ్ళలోకే చూస్తున్నారు. ఒకాయన మోకాళ్ళ లోతులో నిలబడి ఏదో బరువైంది లాగుతున్నాడు. హరిప్రసాద్ బండి ఆపాడు. నేను దిగలేకపోయాను. దిగితే అది నిజమైపోతుందనిపించింది. నీ ముఖమే కనబడింది. మంచం మీద కూర్చుని ఉన్నావు, నేను నీ ముందు నిలబడి ఉన్నాను, నోరు తెరవాలి. ఆ ఒక్క నిమిషం నేనెట్లా బతికానో నాకు తెలియదు.

హరిప్రసాద్ పరుగున పోయి వచ్చాడు. “వల అన్నా! చేపల వల. రాళ్ళల్ల ఇరుక్కున్నదట.”

నేను అప్పుడు దిగి, వల మొత్తం గట్టు మీదికి వచ్చేదాకా చూశాకే మళ్ళీ బండెక్కాను.

అక్కడికి ఇంకొంచెం ముందుకు పోతే మక్క కంకులు కాల్చి అమ్మే బండి ఉంది. అనంతమ్మ అని, మన అమ్మల వయసు ఉంటుంది. పిల్ల ఆనవాళ్ళు చెప్పబోతే ఆమె చేతిలో విసనకర్ర ఆపి నన్ను కిందినుంచి మీదిదాకా చూసింది.

“నువ్వేమైతవ్ ఆ పిల్లకు?”

“తండ్రిని అమ్మా.”

ఆమె బండి వెనక కట్టిన టార్పాలిన్ పట్టా పక్కకు జరిపింది. గోనెసంచి మీద అనుపమ కూర్చుని ఉంది. బూట్లు విప్పి పక్కన పెట్టుకుంది. రెండు మడమలూ బొబ్బలెక్కి చితికి ఉన్నాయి. ఒళ్ళో నీ ఆకుపచ్చ స్వెటరు. దవాఖాన గుట్ట మీద చలి మొదలైందని, స్వెటరు పంపమని నువ్వు రాసిన ఉత్తరం నేను చదివి గూట్లో పెట్టి మర్చిపోయాను. అది మర్చిపోలేదు.

“బిడ్డా” అని ఒక అడుగు వేశాను. అది లేచి అనంతమ్మ వెనక్కి పోయింది. ఆమె కొంగు పట్టుకుని “బాపు, కొట్టకు” అంది.

నా బిడ్డను నేను ఒక్కనాడూ కొట్టలేదు. నీకు తెలుసు. మరి అది ఎందుకు అట్లా అందో కూడా నాకు తెలుసు.

అనంతమ్మ నాకు అడ్డం నిలబడింది. “ఏందయ్యా ఇది? ఎండల గింత దూరం నడిచొచ్చింది. యాడికి బిడ్డా అంటే మా అమ్మ కాడికి అన్నది. కంకి ఇస్తే వద్దు, పైసలు లేవు అన్నది. అట్లాంటి పిల్ల నిన్ను చూసి గజగజ వణుకుతున్నది. నువ్వు తండ్రివే అయితే గిట్లెందుకు భయపడ్తది?”

“తండ్రే అమ్మా, నాతోనే పని చేస్తడు” అన్నాడు హరిప్రసాద్.

“నిన్నడుగుతలేను. పిల్లనడుగుతున్న. బిడ్డా, ఈయనతోని పోతవా?”

అనుపమ ఆమె కొంగు వదల్లేదు. లారీలు పోతున్నాయి, నిప్పుల మీద కంకి మాడుతోంది. నా బిడ్డ నాతో వస్తుందో రాదో తెలియక నేను పరాయివాడిలా నిలబడి ఉన్నాను.

“ఇగ కూసో” అంది అనంతమ్మ నాతో. “పిల్ల లేస్తనన్నప్పుడే లేస్తది. అప్పటిదాంక ఏం జరిగిందో చెప్పు.”

రేఖా, నీకు ఇంతవరకు దాచింది ఇక్కడ రాయాలి. మూడుసార్లు ఈ కాగితం పక్కన పెట్టి లేచిపోయాను.

నువ్వు దవాఖానలో చేరిన రోజు సాయంత్రం నేను పిల్లను కూర్చోబెట్టి ఒక మాట చెప్పాను. “అమ్మకు టి.బి. అని ఎవ్వరికి చెప్పకు బిడ్డా. అడిగితే, కందుకూరుల అమ్మమ్మకు కాలిరిగింది, అమ్మ ఆడికి పోయింది అని చెప్పు.” ఎందుకు బాపు అని అడిగింది. “చెప్తే రుక్మిణమ్మ గది ఖాళీ చేయమంటది. నా నౌకరి పోతది. నిన్ను బళ్ళె ఎవరి పక్కన కూసోనియ్యరు” అన్నాను. పదమూడేళ్ళ పిల్ల నెత్తిన ఇన్ని భయాలు ఒక్కసారే పెట్టాను. అది తల ఊపింది.

రెండు నెలలు మోసింది. ఆ భారంతో పాఠాలేం వింటుంది? మార్కుల కార్డు మీద సంతకానికి అమ్మను తీసుకురమ్మని సార్లు అడిగినప్పుడల్లా కందుకూరు అని చెప్పింది. ఒకసారి తడబడి మహేశ్వరం అంది. “రోజుకో ఊరు చెబుతోంది, అబద్ధాలకోరు” అని లెక్కల సారు క్లాసు ముందర అన్నాడట. చివరికి ఓర్చుకోలేక సరిత ఒక్కదానికి నిజం చెప్పింది. ఎవరికీ చెప్పనని సరిత ఒట్టేసింది. పాపం అదీ పిల్లే కదా, వాళ్ళమ్మకు చెప్పింది. మర్నాటికి సరిత వేరే బెంచీకి పోయింది. తర్వాత మిగతా పిల్లలు కూడా జరిగారు. వెనక బెంచీలో అనుపమ ఒక్కతే మిగిలింది.

పిల్ల వెళ్ళిపోవడానికి ముందు రోజు, సోమవారం, నన్ను బడికి పిలిచారు. డ్యూటీ నుంచి అట్లాగే, ఒంటి మీద ఎయిర్‌పోర్టు జాకెట్‌తోనే పోయాను. పెద్దసారు గదిలో లెక్కల సారు ఉన్నాడు, స్వరాజ్యం టీచర్ ఉంది. ఒక మూల అనుపమ. పెద్దసారు కోస్తావైపు మనిషి, మెల్లగా మాట్లాడతాడు.

“చూడండి రాఘవేందర్ గారూ, మార్కుల సంగతి తర్వాత. మీ అమ్మాయి వాళ్ళమ్మకు టి.బి. అని పిల్లలతో చెప్పిందట. తల్లిదండ్రులు వచ్చి గొడవ చేస్తున్నారు. ఇందులో నిజమెంత?”

అనుపమ నా వైపు చూసింది. బాపు వచ్చాడు, ఇక చెప్పేస్తాడు, దీంతో అయిపోతుంది అనే చూపు. నాకు కనబడింది మాత్రం గది ఖాళీ చేయమంటున్న రుక్మిణమ్మ, గేటు దగ్గర నా పాసు గుంజుకుంటున్న సూపర్‌వైజరు.

“అబద్ధం సార్” అన్నాను. “నా భార్య శుభ్రంగ ఉన్నది. దీనికి చదువు రాక గిట్ల కథలు చెప్తున్నది.”

అంతటితో ఆగితే కూడా సరే. ఆగలేదు. నా మాట వాళ్ళు నమ్మాలి కదా. “కొట్టుండ్రి సార్. నాకు చెప్పే పని గూడ లేదు. కండ్లొక్కటి పోకుంట చూడుండ్రి, గంతే” అన్నాను.

లెక్కల సారు బెత్తం తీశాడు. చేతుల మీద కొట్టాడు. నేను చూస్తూ నిలబడ్డాను. స్వరాజ్యం టీచర్ లేచి బయటికి పోయింది. పిల్ల ఏడవలేదు, రేఖా. దెబ్బ పడ్డప్పుడల్లా చేతిని చూసుకోలేదు, నన్ను చూసింది. బళ్ళో దెబ్బలు తింటే ఇంటికొచ్చి చెప్పుకోవాలి. ఇంట్లో బాధైతే బళ్ళో ఎవరికైనా చెప్పుకోవాలి. ఆ రోజు దానికి రెండు దిక్కులా తలుపులు నేనే మూసేశాను. ఇక దానికి మిగిలింది నువ్వు ఒక్కదానివే. అందుకే నడిచి బయల్దేరింది.

ఇదంతా అనంతమ్మ ముందర చెప్పాను, పిల్ల వింటుండగా. “తప్పు నాది. నా బిడ్డ అబద్ధమాడలేదు. నేనాడిన” అన్నాను. అనంతమ్మ నన్ను తిట్టలేదు. మాడిన కంకి తీసి అవతల పడేసి, బిందెలో నీళ్ళు తెచ్చి పిల్ల కాళ్ళు కడిగింది. చాలాసేపటికి అనుపమ లేచింది. నా చెయ్యి పట్టుకోలేదు. హరిప్రసాద్‌కూ నాకూ మధ్యన కూర్చోకుండా నా వెనక కూర్చుని, బండి వెనక కడ్డీ పట్టుకుని వచ్చింది.

మర్నాడు బడికి పోయి ముగ్గురి ముందరా ఉన్నదున్నట్టు చెప్పాను. పెద్దసారు భయపడ్డాడు. “పరీక్షలు చేయించి కాగితం తెచ్చేదాకా అమ్మాయిని పంపొద్దు” అన్నాడు. లెక్కల సారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. స్వరాజ్యం టీచర్ మాత్రం మాతో లేచింది. “నేను గూడ వస్త పదండి. మా అన్నకు వచ్చినప్పుడు మా ఇంట్ల గూడ గిట్లనే దాచిన్రు. దాచి దాచి మందులకు ఆలస్యం చేసిన్రు” అంది. అన్న ఇప్పుడెట్లా ఉన్నాడని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

నువ్వు చేరినప్పుడే నర్సమ్మ మమ్మల్ని ఇద్దర్నీ పరీక్ష చేయించుకొమ్మంది. చేయించానని నీకు రాశాను. అదీ అబద్ధమే. ఎవరైనా చూస్తారని పోలేదు. ఇప్పుడు సర్కారు దవాఖానలో ఎక్స్‌రే తీశారు, తెమడ తీసుకున్నారు. ఫలితం కోసం మూడు రోజులు. ఆ మూడు రోజులూ రాత్రి పిల్ల గొంతు సవరించుకున్నా లేచి కూర్చునేవాణ్ణి. నాకేమైనా ఫరవాలేదు, రెండు నెలలు నా పిరికితనంతో దానికి అంటనిచ్చానేమో అని. ఇద్దరికీ ఏమీ లేదని చెప్పారు. కాగితం జేబులో ఉన్నా రెండుసార్లు మళ్ళీ పోయి అడిగివచ్చాను.

ఇప్పుడు బడికి పోతోంది. స్వరాజ్యం టీచర్ దాన్ని ముందు బెంచీలో కూర్చోబెట్టింది. మధ్యాహ్నం తన బాక్సు తెచ్చుకుని దాని పక్కనే కూర్చుని తింటుందట, పిల్లలందరూ చూసేట్టు. వంట నేను రాత్రే చేసి పెడుతున్నాను, కాబట్టి ఆలస్యం కావడం లేదు. సరిత ఇంకా రాలేదు, వాళ్ళమ్మ ఒప్పుకోవడం లేదు. లెక్కల సారు దాన్ని కొట్టడం లేదు, ప్రశ్న కూడా అడగడం లేదు. చదువు వెంటనే ఏమీ మారలేదు. మొన్న స్లిప్ టెస్టులో లెక్కల్లో మళ్ళీ తొమ్మిదే. కానీ కాగితం దాచకుండా తెచ్చి బల్ల మీద పెట్టింది.

రుక్మిణమ్మకు కూడా చెప్పాను. సూపర్‌వైజరుకు చెప్పాను. సూపర్‌వైజరు “నీకు లేదు గదా, కాగితం చూపియ్యి” అని ఊరుకున్నాడు. రుక్మిణమ్మ తలుపు వేసుకుంది. నాలుగు రోజులుగా పలకరించడం లేదు. ఖాళీ చేయమంటే చేద్దాం. రోజూ మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడైతే భయం వేస్తూనే ఉంది, ఆ సంగతి దాచను.

నాకు వాటన్నిటికంటే పెద్ద భయం ఇంట్లోనే ఉంది. నిన్న చొక్కా తగిలిద్దామని చెయ్యెత్తాను. పిల్ల తల పక్కకు తిప్పుకుని కళ్ళు మూసుకుంది.

అనుపమ చేత్తో ఒక్క ముక్క కూడా రాయలేదేమని పోయిన ఉత్తరంలో అడిగావు. ఈ పొద్దున ఈ కాగితం ముందు పెట్టి అమ్మకు రాయి బిడ్డా అన్నాను. రాయనంది. “అమ్మను ఒకటి అడగాలె. ఎదురుంగ అడుగుత” అంది.

“ఏంది బిడ్డా?”

“అమ్మ చచ్చిపోతదా?”

నేను లేదు అని నోరు తెరిచాను. అది చెయ్యి అడ్డం పెట్టింది.

“నువ్వు చెప్పకు బాపు. నువ్వు చెప్తే నాకు నిజమో అబద్ధమో తెల్వది.”

వచ్చే ఆదివారం దాన్ని తీసుకుని వస్తున్నాను. పొద్దున మొదటి బస్సుకు బయల్దేరతాం. నర్సమ్మను అడిగాను, ఆరుబయట కొంచెం ఎడంగా కూర్చుంటే ఫరవాలేదంది. తీసుకురావద్దని నువ్వు అన్నావు, ఈసారి నీ మాట వినను. డాక్టరు నీకు ఏం చెప్పాడో అదే దానికి చెప్పు. బాగుందంటే బాగుందని, ఇంకా తెలియదంటే తెలియదని. నాకు కూడా నువ్వు “బాగానే ఉన్నాను” అని తప్ప ఏనాడూ ఏమీ చెప్పలేదు, నేనూ గుచ్చి అడగలేదు, భయపడి. దానిది నాకంటే గట్టి గుండె. అది అడుగుతుంది. నేను దాని వెనకాల నిలబడి వింటాను.

ఇట్లు,
అనుపమ బాపు,
రాఘవేందర్